పగలాల్సిన అద్దం

బస్సు డ్రైవరు గారి భార్య కొలతలు టేపుతో తీసుకురాలేదు. ఆసుపత్రిలో గాయాలకు చుట్టే తెల్లగుడ్డ ఒకటి, బారెడు పొడవుది, అక్కడక్కడా ముడులు వేసి చేతిసంచిలో మడిచి తెచ్చింది. అద్దాల షాపు కౌంటరు మీద దాన్ని పరిచి, ఒక్కో ముడినీ వేలితో చూపించింది.

"ఈ చివర నుంచి ఆ చివరికి మీ స్టాండు వెడల్పండీ. ఈ మొదటి ముడి దాకా ఊపిరి ఆడించే గాలి మిషను. ఇక్కడి నుంచి ఇక్కడికి కఫం లాగే మిషను. బ్యాటరీ పెట్టె మాత్రం నా వల్ల కాలేదు, కదిలించలేకపోయాను. ఫోటో ఉంది, చూడండి."

మేస్త్రీ ఆ గుడ్డను తన టేపు పక్కన పెట్టి చూశాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ షాపులోనే అద్దాలు కోస్తున్న మనిషి. ఎవరి కొలతనూ నమ్మడు. ఇంజనీరు గీసిచ్చినా సరే, మళ్ళీ తనే కొలిచి, అర సెంటీ తేడా వస్తే లోలోపల సంతోషపడే రకం. ఈ ముడులు మాత్రం స్టాండుకు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఆ స్టాండు కొలత అతనికి గుర్తే. రెండేళ్ళ కిందట తనే కోశాడు, తనే వెళ్ళి బిగించాడు. టీవీ కోసం పైన ఒక అద్దం, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి, నాలుగు స్టీలు కాళ్ళు.

"గురువారం మా ఆయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించేస్తున్నారు" అందామె. "నయమై కాదు లెండి. ఇక ఇక్కడ చేసేదేం లేదు, ఆ మిషన్లేవో ఇంట్లోనే పెట్టుకోండి అన్నారు. ముందు గదిలో మంచం వేశాక ఇంకో బల్లకి చోటెక్కడిది? చక్రాల కుర్చీ తిరగాలి. ఉన్నదల్లా ఆ టీవీ స్టాండే. ఇంకో అర పెట్టి, వైర్లకీ గొట్టాలకీ రెండు కన్నాలు వేస్తే అన్నీ అందులోనే సర్దుకుంటాయేమోనని..."

"సర్దుకుంటాయమ్మా" అన్నాడు ఓనరు, ఫోనులోంచి తలెత్తకుండానే. "మధ్య అద్దానికి రెండు కన్నాలు, దాని పైన ఇంకో అర. గురువారం లోపల మా మేస్త్రీ చేసేస్తాడు."

"సార్, అది టఫెన్డ్ అద్దం" అన్నాడు మేస్త్రీ. "కన్నం పడదు. డ్రిల్లు మొన తగిలిందంటే మొత్తం పొడే."

"ఏం కాదులే. మెల్లగా వెయ్యి."

"మెల్లగా వేసినా అంతే సార్."

"పగలదులే అంటున్నానా, లేదా?"

షాపు పెట్టడానికి తెలివుంటే చాలు, అద్దం గురించి తెలియక్కర్లేదని మేస్త్రీ ఉద్దేశం. ఆ ముక్క ఓనరు ఎదురుగా తప్ప ఊరందరి దగ్గరా అనేవాడు. ఓనరు ఎందుకంత ధీమాగా పగలదన్నాడో అప్పుడు అతనికి తట్టలేదు.

మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాడు. మొదటి అంతస్తు, రెండు గదులు. మంచం అప్పటికే వచ్చేసింది. తల వైపు పైకి లేపే పిడి తుప్పు పట్టి ఉంది, పరుపు మీద నీలం రెక్సిను. మంచానికీ టీవీ స్టాండుకీ మధ్య ఒక మనిషి అడ్డంగా నడిచేంత సందు తప్ప మిగల్లేదు. మనిషి పడుకుంటే తల సరిగ్గా మధ్య అద్దం ఎత్తున ఉంటుంది. మిషన్లు మూడూ అట్టపెట్టెల్లోనే గోడవారగా ఉన్నాయి.

మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని, మధ్య అద్దం మూల మీద ఉమ్మి తడి వేలితో రుద్దాడు. గోరంత తెల్లటి ముద్ర బయటపడింది. తన షాపు ముద్ర, తన చేత్తో వేసినది.

"ఇదిగో చూడండమ్మా. ఈ ముద్ర ఉందంటే అద్దం కొలిమికి వెళ్ళొచ్చినట్టు. ముందే కోసుకోవాలి, అంచులు రుద్దుకోవాలి, కన్నాలు వేసుకోవాలి. ఆ తర్వాత కొలిమిలో ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. అంతే, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పగిలితే ఉప్పు గల్లులా పొడిపొడిగా రాలిపోతుంది గానీ మనిషిని కొయ్యదు."

"మరి బరువు ఆగుతుందాండీ? బ్యాటరీ నేను కదిలించలేకపోయాను."

మేస్త్రీ అరచేత్తో అద్దం మీద ఫట్టున కొట్టాడు. పైనున్న టీవీ కొద్దిగా ఊగింది. "మనిషెక్కి నిలబడ్డా ఏం కాదు. మా ముద్ర ఉన్న అద్దం మీద ఏం పెట్టినా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

"నిజంగానా?"

"పందొమ్మిదేళ్ళ సర్వీసమ్మా నాది."

ఆమె మంచం అంచున కూర్చుంది. రెండు వారాల నుంచి నిద్ర లేని ముఖం, కొంచెం తేలికపడింది. "ఆసుపత్రిలో ఎవరూ ఏదీ ఖాయంగా చెప్పరండీ. చూద్దాం అంటారు, రేపొచ్చి కనపడమంటారు. ఇన్నాళ్ళకి మీరొక్కరు ఒక మాట గట్టిగా చెప్పారు."

ఆ మాటకు మేస్త్రీ పొంగిపోయాడు. అబద్ధమెందుకు, పొగడ్తంటే అతనికి మహా ఇష్టం. ఇంట్లో దొరకదు, షాపులో అసలే దొరకదు.

కన్నాలున్న కొత్త అద్దం కొలిమి నుంచి రావాలంటే ఎనిమిది రోజులు. గురువారానికి మూడే రోజులుంది. ఆ సంగతి చెప్దామని ఓనరుకు ఫోను చేశాడు.

"నీతో ఇదే గొడవ" అన్నాడు ఓనరు. "ఆ అద్దం విప్పి పట్రా. రేపు పొద్దున నా కళ్ళ ముందే వెయ్యి. పగిలితే కొత్తది నేనే ఇస్తాను ఆవిడకి, సరేనా?"

సరే, చూడనీ అనుకున్నాడు మేస్త్రీ. ఒకసారి కళ్ళెదుట గుప్పెడు గుప్పెడు రాలితే గానీ ఈయనకి బుద్ధి రాదు. అద్దాన్ని పాత దుప్పటిలో చుట్టి భుజాన పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున షాపు వెనక రేకుల షెడ్డులో ఏర్పాట్లన్నీ చేశాడు. బల్ల మీద మందపాటి గొంగళి పరిచి, దాని మీద అద్దం పెట్టాడు. కన్నం పడాల్సిన చోట లప్పంతో గుండ్రంగా చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు పోశాడు. ముక్కలు చిమ్మకుండా చుట్టూ గోనెసంచులు కప్పాడు. చేతులకు తోలు తొడుగులు, కళ్ళకు పెద్ద కళ్ళద్దాలు, మెడకు తువ్వాలు. ఇంత సరంజామా చూసి ఓనరు నవ్వాపుకున్నాడు. టీ గ్లాసు పట్టుకుని బల్లకు ఆనుకునే నిలబడ్డాడు.

"కాస్త వెనక్కి జరగండి సార్. కళ్ళల్లో పడుతుంది."

"కానీ నువ్వు."

మేస్త్రీ డ్రిల్లును నిదానంగా తిప్పుతూ నీళ్ళలోకి దించాడు. మొన అద్దాన్ని తాకగానే భుజాలు బిగబట్టి, కళ్ళు సగం మూసుకున్నాడు. ఏమీ కాలేదు. సన్నగా గీరుతున్న చప్పుడు. నీళ్ళు పాలలా తెల్లబడుతున్నాయి. ఇంకాస్త ఒత్తాడు. సగం లోతు వచ్చాక ఆపి, అద్దం తిరగేసి, రెండో వైపు నుంచి మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో బిళ్ళంత గుండ్రటి ముక్క గొంగళి మీద పడింది. అద్దం మీద ఎక్కడా గీత కూడా లేదు.

"చూశావా?" అన్నాడు ఓనరు, టీ చప్పరిస్తూ. "ఊరికే భయపడి చస్తావు."

మేస్త్రీ ఆ బిళ్ళను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మొదట నిజంగానే సంతోషం కలిగింది, చెయ్యి తిరిగిన పనివాడికి కలిగే సంతోషం. అది గొంతు దాటక ముందే గుండె జారిపోయింది. కొలిమికి వెళ్ళొచ్చిన అద్దం ఈ పని చెయ్యనివ్వదు. చెయ్యనిచ్చిందంటే ఇది కొలిమికి వెళ్ళలేదు. ఇది కిటికీలకు వేసే మామూలు అద్దం.

అప్పుడు ఓనరు నిలబడ్డ చోటు చూశాడు. మనిషి అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది. కోసిన ప్రతి అద్దం మీదా మైనపు పెన్సిలుతో నంబరు రాయడం అతని అలవాటు. అద్దాలు వ్యాను ఎక్కి కొలిమికి వెళ్ళేవి, వారం తర్వాత వచ్చేవి. కొలిమి వాళ్ళకు తీరిక లేదట, ముద్ర మనమే వేసుకోమన్నారట అని ఓనరు రెండేళ్ళ కిందట ఒక రేకు అచ్చూ, అద్దం మీద తెల్ల గుర్తు పడేలా చేసే మందు సీసా తెచ్చిచ్చాడు. అప్పటి నుంచి తిరిగొచ్చిన అద్దాలను తుడిచి, మూల మీద అచ్చు పెట్టి, మందు రాసి ముద్ర వేసేది తనే. తుడిచినప్పుడు గుడ్డకు అంటుకునేది ఏమిటి? ఎర్రటి మైనం. తన నంబర్లు. ఇనుము మెత్తబడేంత వేడిలో మైనం గీత మిగులుతుందా? మిగలదని చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. రెండేళ్ళుగా ఆ నంబర్లను తన చేత్తో తుడిచేస్తూ, ఒక్కనాడు కూడా ఆ గుడ్డ వంక చూడలేదు. పనిలో పడి చూడలేదనుకోవాలా, చూడకపోతేనే హాయిగా ఉందనుకోవాలా, అతనికే తెలియదు.

"ఇది కొలిమికి వెళ్ళలేదు సార్."

"మెల్లగా మాట్లాడు."

"ఇదొక్కటేనా? అన్నీనా?"

ఓనరు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "వ్యాను మన గోడౌను దాకానే వెళ్ళొస్తుంది. కొలిమి ఖర్చు కలిపి ధర చెప్తే జనం ఆగరు, పక్క షాపుకి పోతారు. అయినా ఇళ్ళల్లో ఎవడైనా సుత్తి పెట్టి కొట్టి చూస్తాడా? రెండేళ్ళయింది, ఒక్కటి పగిలిందా?"

"పగిలితేనే కదండీ తెలిసేది. ఆ డ్రైవరు గారు పక్కనే పడుకుంటారు. మిషన్లు అదురుతాయి. పగిలితే కత్తులు దిగినట్టు..."

"మరి ముద్ర ఎవరు వేశారు?"

మేస్త్రీకి వెంటనే అర్థం కాలేదు.

"ఒక్కో అద్దానికీ నువ్వే వేశావు. బిగించొచ్చాక రిజిస్టరులో సంతకం పెట్టిందీ నువ్వే. నేను కౌంటరులో కూచునేవాణ్ణి. నాకు అద్దం గురించి ఏం తెలుసు? ఊరందరికీ నువ్వే చెప్తుంటావుగా ఆ మాట."

ఓనరు వెళ్ళిపోయాక మేస్త్రీ గోనెసంచి కప్పి, అద్దం అంచు మీద సుత్తితో ఒక్కటేశాడు. సంచి తీసి చూస్తే మూరెడేసి ముక్కలు, మొనలు తేలి ఉన్నాయి. వాటిని చూస్తుంటే మంచం తలవైపు పిడి గుర్తొచ్చింది. ఒక్కో ముక్కనూ కాగితంలో చుట్టి డ్రమ్ములో వేశాడు.

సాయంత్రం ఇంటికెళితే భార్య ముఖం చూసి అడిగింది. "ఏమైంది, అలా ఉన్నావు?"

"ఏం లేదు."

"ఏం లేదనడానికి ఇంతసేపా? చెప్పు."

"ఏం లేదన్నానా!" అని కసిరాడు. ఆవిడ ఇక అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడే.

బుధవారం షాపుకు వెళ్ళలేదు. తెలిసిన వెల్డింగు అతని దగ్గర కూర్చుని, చదరపు ఇనుప గొట్టాలు కోయించి, డ్రైవరు ఇంటి స్టాండుకు సరిపోయే చట్రం తయారు చేయించాడు. నాలుగు కాళ్ళూ నేరుగా నేల మీద ఆనాలి, బరువంతా వాటి మీదే పడాలి. అరలకు అంగుళం మందం ప్లైవుడ్డు. వైర్ల కోసం వెనక అంచున అర్ధచంద్రాకారంలో రెండు గాట్లు కోసి, గొట్టాలు ఒరుసుకోకుండా ఇసుక కాగితంతో నున్నగా రుద్దాడు. అన్నీ డ్రైవరు ఇంటికి తెచ్చి, పాత స్టాండులో మిగిలిన రెండు అద్దాలనూ విప్పేశాడు.

"మధ్య అద్దం ఏమైందండీ?" అని అడిగింది డ్రైవరు గారి భార్య.

నిజం చెప్పడానికి అదే సమయం. మేస్త్రీ స్క్రూలు నోట్లో పెట్టుకుని ఉన్నాడు. వాటిని తీసి చేతిలోకి వేసుకున్నాడు.

"కన్నం వేస్తుంటే పగిలిపోయిందమ్మా."

"అయ్యో! మీరు ముందే చెప్పారు. మీ ఓనరు వింటేగా."

"అవునమ్మా. ఎలాగూ మిషన్ల అదురుకి ఇనుమే మంచిది."

బ్యాటరీ పెట్టెను అన్నిటికన్నా కింద పెట్టాడు, నేల తుడిచే నీళ్ళు తగలకుండా రెండు వేళ్ళ ఎత్తు లేపి. గాలి మిషను వెనక గోడకు నాలుగు వేళ్ళ సందు వదిలాడు, లేకపోతే అది వేడెక్కుతుంది. టీవీ ముందుకు తూలకుండా గోడలోకి కొక్కెం దించి పట్టీ బిగించాడు. మిషన్లు పెట్టక ముందు ఒక్కో అర మీదా రెండేసి నీళ్ళ బిందెలు పెట్టించి, గంటసేపు గడియారం చూస్తూ కూర్చున్నాడు. అంత శ్రద్ధగా పందొమ్మిదేళ్ళలో ఏ పనీ చెయ్యలేదు. చివరికి చట్రాన్ని పట్టుకుని గట్టిగా ఊపాడు. కదల్లేదు.

ఇక్కడికి నా బాధ్యత తీరిపోయింది అనుకున్నాడు. ఈ ఇంటికి ఇక భయం లేదు. మిగతా ఇళ్ళ సంగతి మెల్లగా ఆలోచించవచ్చు. దారి పొడవునా ఇదే మాట తనకు తానే చెప్పుకుంటూ ఇంటికి నడిచాడు. తను దొంగ కాదు, తనను దొంగను చేశారు. నిజమే. కానీ ఆ నిజం తలకెత్తుకుంటే ముందు పోయేది తన ఉద్యోగం, ఆ తర్వాత తన మాట, ఆ తర్వాత పోలీసులు వచ్చేది తన గుమ్మానికే. ఆ భయం ముందు మిగతావన్నీ వెనక్కి పోయాయి.

గురువారం డ్రైవరును స్ట్రెచరు మీద మెట్లెక్కించారు. బస్సు నడిపిన చేతులు దుప్పటి మీద పుల్లల్లా ఉన్నాయి. ముఖానికి మాస్కు కట్టి, మిషను ఆన్ చేశారు. గాలి లోపలికి పోతున్న చప్పుడు, బయటికి వస్తున్న చప్పుడు. బిగింపులు ఒకసారి చూసి పోదామని మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. డ్రైవరు అతన్ని చూసి, చెయ్యి లేపబోయి లేపలేక, వేళ్ళు మాత్రం కదిపాడు.

"ఈయనేనండీ మేస్త్రీ గారు" అంది భార్య భర్త చెవి దగ్గర వంగి. "వద్దు వద్దంటే ఓనరు వినలేదు, పగిలిపోయింది. ఈయనే సొంతంగా చేసి పెట్టారు." మళ్ళీ మేస్త్రీ వైపు తిరిగింది. "మీ మాట ఎంతమందికి ఉపయోగపడిందో తెలుసా? వార్డులో మా పక్క మంచం పెద్దాయన కూతురుకి కూడా చెప్పాను."

"ఏం చెప్పారమ్మా?"

"వాళ్ళదీ మీ షాపు స్టాండేనట. అంతంత బరువులు పెట్టాలంటే భయమేస్తోంది ఆంటీ అంటే, మూలన ముద్ర ఉందేమో చూడు, ఉంటే మనిషెక్కి నిలబడ్డా ఏం కాదని మేస్త్రీ గారు స్వయంగా చెప్పారు అన్నాను. అయినా నమ్మలేదు పిచ్చిపిల్ల. నిన్న రాత్రి ఫోన్లో మళ్ళీ చెప్పాను. కన్నం వేస్తే పగులుతుందన్నారు, అలాగే పగిలింది, ఆయన మాటంటే మాటే అని. అప్పుడు ధైర్యం వచ్చింది. ఇవాళ పొద్దున్నే వాళ్ళ నాన్నని తీసుకెళ్ళిపోయింది. ఆక్సిజన్ మిషనూ బ్యాటరీ రెండూ దాని మీదే పెట్టిందట."

మేస్త్రీ గుమ్మం పట్టుకున్నాడు. "ఇల్లెక్కడ?"

"లాండ్రీ సందులో మొదటి మేడ, రెండో అంతస్తు. ఎందుకండీ?"

మేస్త్రీ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. లాండ్రీ సందు నాలుగు వీధుల అవతల. యాభై దాటిన మనిషి పరిగెత్తుతుంటే జనం తిరిగి చూశారు. రెండో అంతస్తు చేరేసరికి ఊపిరి అందక, తలుపు కొట్టి గోడకు ఆనుకున్నాడు.

పాతికేళ్ళ అమ్మాయి తలుపు తీసింది. చేతిలో తడిగుడ్డ. వెనక గదిలో మంచం మీద పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, ముక్కులో గొట్టం. తల పక్కనే టీవీ స్టాండు. మధ్య అద్దం మీద ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది. దాని పక్కన, సరిగ్గా అద్దం నడుమ, బ్యాటరీ పెట్టె. మేస్త్రీ చెప్పా పెట్టకుండా లోపలికెళ్ళి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అద్దం అంచుకు కన్ను ఆనించి చూస్తే నడుమ కిందికి వంగి ఉంది. మిషను అదురుకు మూల మీది తెల్లటి ముద్ర కంటికి తెలిసేంతగా వణుకుతోంది.

"ఎవరండీ మీరు? ఏం చేస్తున్నారు?"

"ముందు ఒక స్టూలు తేమ్మా. బలమైనది. తొందరగా."

"ఎందుకు? అది టఫెన్డ్ అద్దం. ముద్ర ఉంది చూడండి, నేను చూశాకే పెట్టాను."

"ఆ ముద్ర వేసింది నేనే. అది అబద్ధం. స్టూలు తే తల్లీ!"

ఆ అమ్మాయి తండ్రి వంక, అద్దం వంక చూసి, అప్పుడు పరిగెత్తింది. వంటగదిలోంచి ఇనుప స్టూలు వచ్చేదాకా మేస్త్రీ రెండు చేతులూ అద్దం కింద పెట్టి బరువు మోస్తూనే ఉన్నాడు. ముందు బ్యాటరీ దించారు. తర్వాత మిషనును ఆపకుండానే, గొట్టం లాగకుండా, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని స్టూలు మీదికి చేర్చారు. పెద్దాయన దగ్గి, మళ్ళీ నిద్రలోకి జారాడు. అద్దం మెల్లగా తిన్నగా అయింది.

ఆ అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది. "ఆంటీ చెప్పారు... మేస్త్రీ గారు ఖాయంగా చెప్పారని..."

"నేనే చెప్పాను."

"మీకు తెలిసే చెప్పారా?"

"మొదట తెలియక చెప్పాను. నిన్న తెలిసి చెప్పాను."

ఆమె అతని వంక చూసిన చూపుకు మేస్త్రీ తల దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఇంతలో ఆమె ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, ఎత్తకుండా అతని ముందుకు చాచింది.

మేస్త్రీ ఎత్తాడు. అవతలి నుంచి డ్రైవరు గారి భార్య గొంతు, వెనకాల గాలి మిషను చప్పుడు. "ఏమ్మా, మేస్త్రీ గారు వచ్చారా? ఏం కంగారు పడకు, ఆయన చూశారంటే ఇక ఏ భయమూ ఉండదు. హలో? వినపడుతోందా?"

"అమ్మా, నేను" అన్నాడు మేస్త్రీ. "మీకు నిన్న అబద్ధం చెప్పాను. కన్నం వేస్తుంటే ఆ అద్దం పగల్లేదు."